వదినకి రక్తం పట్టింది

ఆ వదినా మరదళ్ళిద్దరివీ సూదుల బతుకులే. వదిన సూది గుడ్డలో దిగుతుంది, మరదలి సూది మనుషుల్లో దిగుతుంది, అంతే తేడా. వదిన దర్జీ. ఊళ్ళో పెద్దబడికి ఏటేటా యూనిఫాంలు కుట్టేది ఆవిడే. మరదలు రెండు వీధుల అవతల ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పద్దెనిమిదేళ్ళ కిందట కోడలిగా వచ్చిన వారానికే ఆమె చేసిన మొదటి ఘనకార్యం ఏమిటంటే, భర్త అక్కగారి వేలు పొడిచి, రక్తం తీసుకెళ్ళి చూసి, సాయంత్రం అందరి ముందూ "వదినా, నీకు రక్తం బాగా తక్కువ, తొమ్మిదిన్నరే ఉంది" అని ప్రకటించడం. వచ్చీరాగానే ఆడపడుచుని పట్టుకుని నీలో ఫలానాది తక్కువ అంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు చెప్పండి? "నాలో తక్కువలు వెతకడానికే తెచ్చుకున్నాడా మా తమ్ముడు నిన్ను?" అంది వదిన. అక్కణ్ణించి మొదలైంది.

ఆరు నెలలకోసారి పరీక్ష. తొమ్మిది పాయింట్ ఆరు. తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఓసారి ఏకంగా తొమ్మిది పాయింట్ రెండు. అంకె పక్కన నక్షత్రం గుర్తు ఒకటి అచ్చయి వచ్చేది. అంకె ఉండాల్సిన హద్దుల్లో లేదని మిషను పెట్టే గుర్తు అది. మరదలు ఐరన్ మాత్రలు తెచ్చేది, వదిన కడుపులో తిప్పుతోందని పక్కన పడేసేది. "వేసుకున్నావా?" "వేసుకున్నాను." "నిజంగా?" "నీ మీదొట్టు." ఆ ఒట్టు వినగానే వేసుకోలేదని మరదలికి తెలిసిపోయేది. ఇద్దరిలో ఎవరూ తగ్గే రకం కాదు. తప్పు నాదేనని ఆ ఇద్దరి నోటి నుంచి ఒక్కనాడైనా విన్నవాళ్ళుంటే వచ్చి చెప్పండి.

అంతమాత్రాన పగలూ పంతాలూ అనుకునేరు, అదేం లేదు. మరదలి ల్యాబు కోటు కుట్టేది వదినే. మార్కెట్లో కొన్నది భుజాల దగ్గర పట్టేస్తోందని ఒక్కసారి అందంతే, ఆ తర్వాత కొననివ్వలేదు. మరదలు కూడా వారానికి రెండు పూటలు ఆవిడ దగ్గర కూర్చుని గుండీలు కుట్టేది. కుట్టినంతసేపూ పోట్లాడుకునేవాళ్ళు. వదిన మొగుడు, కింద బేకరీ నడిపే మహానుభావుడు, "మీ ఇద్దరి మధ్యా పడితే రాయి కూడా నలుగుతుందమ్మా" అని పైకి రావడమే మానేశాడు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. వానలు వెనకబట్టిన రోజుల్లో వదినకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు. కళ్ళ వెనక నొప్పి, ఎముకలు విరిచినట్టు ఒళ్ళునొప్పులు. రెండో రోజు రక్తం చూస్తే డెంగీ అని తేలింది. వదిన ఒప్పుకుంటేనా! "నాకది ఆరేళ్ళ కిందటే వచ్చి పోయింది. ఒకసారి వచ్చాక మళ్ళీ రాదు. మీ మిషనుకే ఏదో జబ్బు చేసినట్టుంది" అంది. మరదలు వాదించలేదు. జ్వరంతో ఉన్న మనిషితో ఏం వాదిస్తాం? డాక్టరమ్మ చూసి, ఇంట్లోనే ఉండొచ్చు, నీళ్ళు బాగా తాగించండి, రోజు విడిచి రోజు రక్తం చూడండి అని చెప్పి పంపింది. మూడో రోజు చూశారు. హిమోగ్లోబిన్ ఎప్పటిలాగే తొమ్మిది పాయింట్ ఎనిమిది, నక్షత్రంతో సహా. ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలు.

నాలుగో రోజు సాయంత్రానికి జ్వరం తగ్గిపోయింది. ఐదో రోజు పొద్దున్నే ఏడింటికి మరదలు సూదీ సీసాలూ తీసుకుని వెళ్తే వదిన మంచం మీద లేచి కూర్చుని ఉంది. నుదురు చల్లగా ఉంది. "చూశావుగా, జ్వరం తగ్గిపోయింది. ఇక నీ సూది కూడా వదిలితే నా మానాన నేను బడి బట్టలు కుట్టుకుంటాను. సోమవారానికి అరవై జతలు ఇవ్వాలి" అంది. కొంచెం నీరసంగా ఉందిగానీ నోరు మాత్రం మునుపటి నోరే. అది చూసి మరదలి ప్రాణం కుదుటపడింది. రక్తం తీసుకుని ఈలవేసుకుంటూ డ్యూటీకి వెళ్ళిపోయింది.

తొమ్మిదిన్నరకి మిషను చీటీ కక్కింది. హిమోగ్లోబిన్ పన్నెండు పాయింట్ ఆరు.

మరదలు కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. పన్నెండు పాయింట్ ఆరే. పక్కన నక్షత్రం లేదు! పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి వదిన పేరు ఎదురుగా నక్షత్రం లేని చీటీ! ప్లేట్‌లెట్లు తొంభై ఆరు వేలకి దిగాయిగానీ, డెంగీలో ఇరవై వేలకి పడిపోయినవాళ్ళని రోజూ చూస్తూ ఉంటుంది కాబట్టి అది ఆమె కంటికి ఆనలేదు. ఎగిరి గంతేసినంత పని చేసింది. చేతి తొడుగులైనా పూర్తిగా విప్పకుండా ఫోన్ అందుకుంది.

"వదినా! పన్నెండు పాయింట్ ఆరు! రక్తం పట్టింది వదినా నీకు! పట్టింది!"

ల్యాబులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. అవతల వదిన ఫోన్ స్పీకర్‌లో పెట్టినట్టుంది, బేకరీ ఆయన కేక కూడా వినిపించింది. "నిజమేనా చెల్లెమ్మా? అయితే ఇవాళ కేకు చేయాల్సిందే!" అన్నాడు. "నేను చెప్పలా, మాత్రలు వేసుకుంటున్నానని?" అంది వదిన గొంతు, కొంచెం బలహీనంగా. మరదలు పకపకా నవ్వింది. ఈ ఒక్కసారికి ఆ అబద్ధం కూడా తియ్యగానే ఉంది.

ఆ ల్యాబులో ఒక పద్ధతుంది. దాన్ని పెట్టింది అక్కడి పెద్దాయన, ముప్ఫై ఏళ్ళుగా సూక్ష్మదర్శిని మీద వంగి వంగి మెడ శాశ్వతంగా ముందుకి వాలిపోయిన మనిషి. రిపోర్టు ఏదైనా సరే, కొత్త అంకె పక్కన ఆ మనిషి పాత అంకెని పెన్సిల్‌తో రాయాలి. రాశాకే సంతకం. మిషను చేసే పనికి మళ్ళీ ఈ పెన్సిల్ చాదస్తం ఏమిటని అందరూ విసుక్కునేవాళ్ళే. ఆ చాదస్తం ప్రకారమే పదింటికి మరదలు వదిన రిపోర్టు ముందు పెట్టుకుని, పన్నెండు పాయింట్ ఆరు పక్కన తొమ్మిది పాయింట్ ఎనిమిది అని రాసింది. దాని పక్కన తేదీ రాసింది. రాస్తూ రాస్తూ ఆగిపోయింది.

రెండు రోజుల తేడా.

రెండు రోజుల్లో మూడు పాయింట్లా? ఐరన్ మాత్రలు సీసాలకి సీసాలు మింగినా నెలకి ఒకటో ఒకటిన్నరో పెరుగుతుందని, తొందరపడకూడదని, కౌంటర్ దగ్గరకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పే మనిషి తను. సీసాలు తారుమారయ్యాయేమోనని మొదట ఆశపడింది. ఆశే, ఎందుకంటే అలా అయితే బాగుండును. సీసా మీది చీటీ చూసింది, వదినదే. మళ్ళీ మిషనులో పెట్టింది. పన్నెండు పాయింట్ ఐదు. ఇక మిషను మాట కట్టిపెట్టి, సన్నటి గాజు గొట్టంలోకి రెండు చుక్కలు ఎక్కించి, గిరగిరా తిప్పే యంత్రంలో పెట్టి ఐదు నిమిషాలు తిప్పింది. అలా తిప్పితే ఎర్ర కణాలన్నీ అడుక్కి దిగి, పసుప్పచ్చటి నీరు పైకి తేరుతుంది. వదిన గొట్టంలో ఎరుపు ఎప్పుడూ వందకి ముప్ఫై పాళ్ళు. ఇవాళ ముప్ఫై తొమ్మిది.

ఎరుపు పెరగలేదు. నీరు తగ్గింది.

డెంగీలో అసలు గండం జ్వరం ఉన్నప్పుడు కాదు, జ్వరం దిగాక. రక్తనాళాల గోడలు వదులై, లోపలి నీరు పొట్టలోకీ ఛాతీలోకీ కారిపోతుంది. మిగిలిన రక్తం చిక్కబడుతుంది. చిక్కబడితే అంకె పెరుగుతుంది. రక్తం ఉన్నవాళ్ళకైతే పదిహేనూ పదహారూ వచ్చి నక్షత్రం పడేది, అందరూ ఉలిక్కిపడేవాళ్ళు. వదినకి మొదటే తక్కువ కాబట్టి, ప్రాణం మీదకొచ్చిన అంకె కూడా ఆరోగ్యంగా కనిపించింది. జ్వరం దిగింది, ప్లేట్‌లెట్లు పడ్డాయి, పైగా ఇది రెండోసారి డెంగీ. అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. అన్నీ చూసి, రక్తం పట్టిందని కేకలేసింది తను!

పెద్దాయనకి గొట్టం చూపించింది. ఆయన చూసి ఒకే ఒక్క మాట అన్నాడు. "పరిగెత్తు."

ఆమె వెళ్ళేసరికి వదిన మంచం మీద లేదు. పక్కనే తన కుట్టు దుకాణంలో మిషను ముందు కూర్చుని ఉంది. పక్క బల్ల మీద కేకు, దాని చుట్టూ ఇద్దరు ముగ్గురు ఖాతాదారులు, మధ్యలో బేకరీ ఆయన చాకు పట్టుకుని నిలబడ్డాడు. "రా చెల్లెమ్మా, నీకోసమే ఆపాం" అన్నాడు.

"వదినా, లే. ఆసుపత్రికి వెళ్దాం."

"కేకు కోయనీ."

"వదినా, నేను హాస్యమాడట్లేదు. పొద్దుట్నుంచి బాత్రూంకి ఎన్నిసార్లు వెళ్ళావు?"

దుకాణంలో మగవాళ్ళున్నారాయె, వదినకి ఒళ్ళు మండింది. "నలుగురిలో అడగాల్సిన ప్రశ్నేనా అది? సిగ్గుండక్కర్లా?"

"ఒక్కసారైనా వెళ్ళావా లేదా?"

"నీరసంగా ఉంది, వెళ్ళలేదు. అయితే ఏమిటట?"

మరదలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. చల్లగా, చెమ్మగా ఉంది. గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి తీరిగ్గా టైం తీసుకుంది. ఇంకో సంగతి కూడా అప్పుడే కనిపించింది. వదిన రెండో చెయ్యి గుడ్డ మీద లేదు, పొట్ట మీద ఉంది. "నొప్పిగా ఉందా?" అంటే "రాత్రి నుంచి కొంచెం పట్టేసినట్టుంది, గ్యాస్" అంది. పొద్దున రక్తం తీసినప్పుడు ఎందుకు చెప్పలేదంటే, "చెబితే నువ్వు ఇదిగో ఇలా చేస్తావనే" అంది. చూశారా ఆవిడ వరస!

"పన్నెండున్నర మంచిది కాదు వదినా. పాలు మరిగి మరిగి సగమై చిక్కబడితే పాలు పెరిగినట్టా? నీ ఒంట్లో అదే జరుగుతోంది. నీరు బయటికి పోతోంది."

"పొద్దున రక్తం పట్టిందని అరిచిందెవరు? నేనా?" వదిన మిషను చక్రం మీద చెయ్యి వేసింది. "పొద్దునొక మాట, పదకొండింటికొక మాట. సోమవారానికి అరవై జతలున్నాయి నా నెత్తిన. సాయంత్రం చూద్దాంలే, వెళ్ళు."

సాయంత్రానికి ఏముంటుందో మరదలికి తెలుసు. బతిమాలితే ఈవిడ వినదు, బెదిరిస్తే అసలే వినదు. ఎత్తుకెళ్దామంటే తన వల్ల కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరూ చూస్తూండగానే వదిన కాళ్ళ దగ్గర, గుడ్డముక్కల మధ్య చతికిలబడింది.

"తప్పు చెప్పాను వదినా. నాదే తప్పు. చదువుకున్నదాన్ని, ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, అంకె చూసి సంబరంలో ఒళ్ళు మరిచిపోయి పప్పులో కాలేశాను. నాకు బుద్ధి లేకపోయింది. నన్ను తిట్టు, కొట్టు, జీవితాంతం దెప్పు. ఇప్పుడు మాత్రం లే."

వదిన చక్రం మీంచి చెయ్యి తీసింది. మరదలి మొహం వంక చూసింది. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగి, నెమ్మదిగా, "ఏమండీ, ఆటో పిలవండి" అంది. "ఇది తప్పు ఒప్పుకుందంటే, నేను నిజంగానే చచ్చేలా ఉన్నాను."

లేచి నిలబడబోయి కళ్ళు తిరిగి మరదలి భుజం మీద వాలిపోయింది. బేకరీ ఆయన చాకు అక్కడే పడేసి ఆటో కోసం ఉరికాడు.

ఆసుపత్రిలో చూస్తే పై బీపీకీ కింద బీపీకీ మధ్య ఎడం నలభై దాకా ఉండాల్సింది, ఇరవై కూడా లేదు. డాక్టరమ్మ గబగబా సెలైన్ పెట్టించింది. ఎక్కువ పోసినా ఊపిరితిత్తుల్లో చేరుతుంది, తక్కువ పోసినా నాడి అందదు, కాబట్టి ఆరు గంటలకోసారి రక్తం చూస్తూ, కొలిచి కొలిచి ఎక్కించాలంది. "మంచి సమయానికి తెచ్చారు. ఇంకో పూట ఆగి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు" అని కూడా అంది. ఆ మాట విన్న బేకరీ ఆయన వరండాలో బెంచీ మీద కూలబడి, పిండి అంటిన చేతుల్లో మొహం దాచుకుని గట్టిగా ఏడ్చాడు.

మరదలు డ్యూటీ ఎవరికీ అప్పగించలేదు. ప్రతి సీసా తనే తీసుకెళ్ళి, తనే తిప్పి, తనే చూసింది. ముప్ఫై తొమ్మిది. నలభై ఒకటి. నమ్మలేక మళ్ళీ తిప్పింది, నలభై ఒకటే. తర్వాత ముప్ఫై ఎనిమిది. ముప్ఫై ఆరు. రెండో రోజు మధ్యాహ్నానికి వదులైన గోడలు బిగుసుకున్నాయి, కారిపోయిన నీరు దారిపట్టి వెనక్కి రావడం మొదలైంది. వదిన నోరు కూడా వెనక్కొచ్చింది.

"ఇంతకీ ఒకసారి వచ్చింది మళ్ళీ ఎలా వచ్చిందే? టీకా వేస్తే రాదు, వచ్చి పోతే రాదు అంటారుగా?"

మరదలు మంచం అంచున కూర్చుంది. "ఈ డెంగీ వైరస్ ఒకటి కాదు వదినా, నాలుగు రకాలు. ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. పట్టపగలు కుట్టే దోమ మోసుకొస్తుంది. నీ మిషను కింద చీకట్లో, ఇస్త్రీకి నీళ్ళు చిలకరించే బకెట్ పెట్టుకుంటావు చూడు, అందులోనే కాపురం పెట్టి నీ చీలమండ కుట్టి ఉంటుంది."

"నా బకెట్ జోలికి రాకు."

"అన్నయ్యగారు నిన్ననే బోర్లించేశారు. విను. ఆరేళ్ళ కిందట ఒక రకం వచ్చింది. దాన్ని చంపడానికి నీ ఒళ్ళు దాని కొలతకి సరిగ్గా సరిపోయే యాంటీబాడీలు కుట్టుకుంది. ఆ రకం మళ్ళీ వస్తే అక్కడికక్కడే కట్టిపడేస్తాయి, సందేహం లేదు. ఈసారి వచ్చింది దాని చెల్లెలు. అక్క కొలతకి కుట్టిన కోటు చెల్లెలికి తొడిగితే ఏమవుతుంది?"

"భుజాలు జారతాయి. గుండీలు పడవు."

"అదే. పైన వేలాడుతుందిగానీ బిగుసుకోదు. వైరస్ చావదు. మన తెల్ల కణాలేమో ఆ కోటు చూసి, ఓహో, పట్టుబడ్డ దొంగ అనుకుని లోపలికి లాక్కుంటాయి. అది చేరాలనుకున్నదీ ఆ కణాల్లోకే. లోపల కూర్చుని వేలకి వేలు పిల్లల్ని పెడుతుంది. ఒళ్ళంతా గగ్గోలు. ఆ గగ్గోలులో నాళాల గోడలు వదులైపోతాయి. అందరికీ ఇలా కాదు, రెండోసారి వచ్చినా చాలామందికి మామూలుగానే పోతుంది. నీకు మాత్రం ఇలా తగులుకుంది."

వదిన ఆలోచనలో పడింది. "అంటే నన్ను కాపాడదామనే వెళ్ళి కొంప ముంచాయన్నమాట."

"కాపాడదామనే" అంది మరదలు. తల దించుకుంది. రెండు రోజులుగా లోపల తొలుస్తున్నది అదే. "వదినా, ఆ రోజు నేను అలా ఫోన్ చేయకుండా ఉండాల్సింది. నా మాట నమ్మే నువ్వు మంచం దిగావు. అరగంటసేపు నిన్ను చావుకి వదిలేసి నవ్వుకుంటూ కూర్చున్నాను. ఆ కేక తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది."

సాయంత్రం సీసాలో ముప్ఫై ఒకటి వచ్చింది. హిమోగ్లోబిన్ పది కూడా లేదు, పక్కన నక్షత్రం. మరదలు ఆ చీటీ పట్టుకుని మెట్లన్నీ పరిగెత్తుతూ ఎక్కింది. బేకరీ ఆయన "తగ్గిందా? నిజంగా తగ్గిందా?" అని ఎగిరాడు. డాక్టరమ్మ వచ్చి సెలైన్ తగ్గించి, గండం గడిచిందని చెప్పి వెళ్ళింది. ఆయన ఆ సంగతి దుకాణంలో వాళ్ళకి ఫోన్ చేసి చెప్పడానికి కిందకి పోయాడు. వదినా మరదళ్ళిద్దరే మిగిలారు.

"ఇలా రా" అంది వదిన. "కూర్చో. మధ్యాహ్నం ఏదో అన్నావు, చెంపలు వాయించుకోవడం గురించి."

"వద్దులే వదినా."

"నన్ను చెప్పనీ. పద్దెనిమిదేళ్ళుగా నీకది తక్కువ, నీకది తక్కువ అని నా వెంట పడుతుంటే, ఈ మనిషికి నన్ను తక్కువ చేయడమంటే సరదా కాబోలు అనుకునేదాన్ని. నిజం చెబుతున్నా, అలాగే అనుకున్నాను. ఆ రోజు ఫోన్లో నీ గొంతు విన్నాను. లాటరీ తగిలినవాళ్ళు కూడా అలా అరవరే. నాకు రక్తం పెరిగిందని మా అమ్మ కూడా అంత సంతోషపడి ఉండేది కాదు." వదిన ఆగి ఊపిరి తీసుకుంది. "లెక్క తప్పయితే తప్పు. అది నువ్వు వెనక్కి తీసుకున్నావు, నేను ఒప్పుకున్నాను. ఆ కేక మాత్రం వెనక్కి తీసుకోకు. అది నాది. నేనుంచుకుంటాను."

మరదలు మంచం పట్టీ మీద తల ఆనించి, పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ ఏడవనంతగా ఏడ్చింది. వదిన సెలైన్ లేని చేత్తో ఆమె జుట్టు నిమురుతూ కూర్చుంది. పక్క మంచం ఆవిడ కంగారుపడి, ఎవరికి ఏమైందని తొంగి చూసింది.

"ఏం లేదండీ" అంది వదిన. "మా మరదలు."